వెంట్రుక వాసి

సిరిల్ హింగ్లీ నాకు బండి అమ్మిన రోజు
తాళంతో పాటు ఒక మాట కూడా ఇచ్చాడు:
"టక్కుటక్కుమంటుంది. దాని తీరే అంత, పట్టించుకోకు."
అప్పటికే ఆయన కుడికన్ను పోయింది.
ఎడమకంట్లో ఒక కిటికీ అంత వెలుతురు మిగిలింది.

నేను పట్టించుకున్నాను.

నెదర్టన్‌లో, కాలవ పక్క రేకుల షెడ్డులో
ఫిబ్రవరి నెలంతా ఇంజను విప్పుతూ కూర్చున్నాను.
నట్లు జామ్ సీసాల్లో, వాషర్లు సిగరెట్టు డబ్బాలో.
యాభైనాలుగు నాటి మడ్డి
మాడిన బెల్లంపాకంలా గోళ్ళకి పట్టుకుంది.

అన్నిటికంటే లోపల, క్రాంకు కొసన, బుష్షు.
చిటికెనవేలంత పొడుగైనా లేని కంచు గొట్టం.
పైకి గుండ్రమే. లోపల కాదు.
కిందివైపు తిని, తిని, కోడిగుడ్డు వాటానికి వచ్చింది.
ఎంత అరిగిందా అని కొలిస్తే
వెంట్రుక వాసి.
ఆ సందులోంచే చమురు జారిపోయేది.
ఆ సందులోనే ఇరుసు తల బాదుకునేది.

గట్టిగా మాట్లాడేవాడిది కంచు కంఠం అంటాం.
ఈ కంచుకి నోరు మూసుకోవడమే కొలువు.
తిరిగేది ఇనుము, అరగాల్సింది ఇది.
ఎవరు రాశారో గాని ఆ ఒప్పందం,
ఇది సంతకం కూడా పెట్టలేదు.

కొత్తది డోరీన్ పార్జిటర్ చేసిచ్చింది.
పంపుల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు లేత్ మీద నిలబడ్డ మనిషి.
కంచు పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా
ఆమె స్వెట్టరు చేతుల మీద రాలింది.
"ఎక్కించే ముందు నూనె కన్నం చూసుకో" అంది.
చూసుకున్నాననే అనుకున్నాను.

క్రాంక్ కేసుని వంటింటి ఓవెన్‌లో పెట్టాను.
బుష్షుని ఫ్రీజర్లో, బఠాణీల సంచి కింద, రాత్రంతా.
వేడికి ఇల్లు విశాలమవుతుంది,
చలికి చుట్టం ముడుచుకుంటాడు.
లోపలికి పంపే మర్యాద ఇదొక్కటే.
బల్లకేసి ఒక్కటి తట్టగానే
అన్నేళ్ళ పట్టూ వదిలి పాతది టప్పున రాలింది.
కొత్తది జర్రున దిగింది.
నా సంతోషం మూడు సెకన్లు.

కన్నానికి కన్నం కుదరలేదు,
నిద్రమత్తులో తెరిచిన రెప్పలా సగమే కనిపించింది.
తిప్పబోయాను. కేసు అప్పటికే దాన్ని కావలించుకుంది.

డోరీన్ తిట్టలేదు. ఇంకో ముక్క లేత్‌కి బిగించి
"దీనికి మాత్రం డబ్బులు తీసుకుంటా" అంది.

రెండోసారి కన్నం ఉన్నచోట ఎర్ర గీత గీసుకున్నాను.
ఆ తర్వాత రీమరు.
దాన్ని వెనక్కి తిప్పకూడదు, ముందుకి తోయకూడదు.
పావువంతు తిప్పడం, ఊదడం, తుడవడం, వేలు పెట్టడం,
మళ్ళీ పావువంతు.
కాలవలో ఒక పడవ వెళ్ళింది, చీకటి పడింది,
టీ చల్లారి దాని మీద తెట్టు కట్టింది.
ఇరుసు చివరికి లోపలికి వెళ్ళినప్పుడు
ఏ చప్పుడూ కాలేదు. అందుకే తెలిసింది కుదిరిందని.

ఏప్రిల్లో క్రాడ్లీ దాకా నడుపుకుంటూ వెళ్ళాను.
సిరిల్ గేటు ముందు ఆగాను, ఇంజను ఆపకుండా.
గోడ తడుముకుంటూ వచ్చాడు. ఇప్పుడా కిటికీ కూడా లేదు.
తల ఓ పక్కకి వంచి
చాలాసేపు విన్నాడు.
"మంచి బండి" అన్నాడు. "ఎవరిది?"

నాకు నోట మాట రాలేదు.
జేబులోంచి పాత బుష్షు తీసి ఆయన అరచేతిలో పెట్టాను.
చూపుడువేలు లోపలికి పోనిచ్చి
గాజు సైజు చూస్తున్నట్టు మెల్లగా తిప్పాడు.
పల్చబడ్డ చోట వేలు ఆగింది.
"కిన్వర్ గుట్ట ఎక్కేటప్పుడు" అన్నాడు,
"వెనకాల ఐరిస్ కూచునేది.
ఇద్దరి బరువూ ఇటే పడేది."

గేటు దగ్గర ఇంజను నడుస్తూనే ఉంది.
మా ఇద్దరికీ వినపడలేదు.